బొల్లావు పేరు మారిన సంగతి

పల్లంరాజు తన ఆవు పేరు మార్చేశాడు. పేరులో ఒక అక్షరం తగిలిస్తే కలిసొస్తుందని సొంత పేర్లు మార్చుకున్నవాళ్ళు నిడదవోలు చుట్టుపక్కల కావలసినంతమంది ఉన్నారు గానీ, పాలిచ్చే ఆవుకి నడిమధ్యలో పేరు మార్చిన ఘనుడు ఆయన ఒక్కడే. ఆవుని అడిగి మార్చలేదు. పెళ్ళాన్ని అడిగీ మార్చలేదు. ఒక పొద్దున్న పాకలోకి వెళ్ళి, "లక్ష్మీ, ఇటు రామ్మా" అన్నాడు, అంతే. ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని ఆవు గడ్డి నములుతూ ఉండిపోయింది.

దాని అసలు పేరు బొల్లి. ఒళ్ళంతా ఇటుక రంగు, నుదుటి నుంచి ముట్టె దాకా మాత్రం పాలు ఒలికినట్టు తెల్లటి చార. ముఖాన తెలుపున్న ఆవుని బొల్లావు అనడం తాతల నాటి వాడుక. అది పుట్టిన రోజున పాత చీర గుడ్డతో ఒళ్ళు తుడుస్తూ పల్లంరాజు భార్య వెంకటదుర్గ, "అబ్బ, బొల్లిపిల్ల ఎంత ముద్దుగా ఉందండీ" అంది. ఆ మాటే పేరై కూర్చుంది. పెద్దదై ఈనిన తర్వాత పాలు పితకడం పల్లంరాజు పని, ఆవు తల దగ్గర నిలబడి గంగడోలు నిమరడం దుర్గ పని. "బొల్లీ, నా తల్లీ" అంటూ వంటింటి కబుర్లన్నీ దాని చెవిలో వేసేది. ఆ గొంతు వినగానే ఆవు చేపేది, పొదుగులోకి పాలు జలజలా దిగేవి.

ఈ పేరు మీద మొగుడూ పెళ్ళాలకి పాత తగువొకటి ఉంది. పల్లంరాజు వెనకటి కాలం మనిషి, భార్యని పేరు పెట్టి పిలవడం ఆయనకి నోరు తిరగని పని. "ఇదిగో" అంటాడు, "ఏమే" అంటాడు, ఆవిడ మరీ దూరంగా ఉంటే దగ్గుతాడు. "ఆవునైతే వీధి చివర్నించే పేరు పెట్టి పిలుస్తారు. నేను మాత్రం మీ దగ్గు విని రావాలి. ఆవుకున్నపాటి అదృష్టం లేకపోయింది నాకు" అని దుర్గ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆవిడంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు, చెప్పడం మాత్రం ఆయనకి చేతకాదు.

ఇంతకీ పేరెందుకు మార్చాడంటే, కిందటి వేసవిలో దుర్గ కుడిచేతి చూపుడువేలి కొసన మినపగింజంత తెలుపు కనిపించింది. అంట్లు తోమే సబ్బు పడలేదనుకుంది. ఆ గింజ వేలంతా పాకి, పక్క వేళ్ళని కలుపుకుని, మణికట్టు దాకా వచ్చింది. పెదవి మూలన ఇంకో చుక్క లేచింది. మందుల షాపువాడిచ్చిన ఆయింట్‌మెంట్లు, పక్కింటివాళ్ళు చెప్పిన బావంచాల నూనె, అన్నీ అయ్యాక ఇద్దరూ రైలెక్కి రాజమండ్రి వెళ్ళారు. అక్కడి చర్మం డాక్టరు ప్రసన్నకుమారిగారు దుర్గ చేతిని తన చేతిలోకి తీసుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని విటిలిగో అంటారండి. కుష్ఠు కాదు, అంటుకోదు, ప్రాణానికేం కాదు. చర్మానికి రంగిచ్చే కణాలు అక్కడక్కడ పని మానేస్తాయి, అంతే. మందులున్నాయి, లైటు ట్రీట్‌మెంట్ ఉంది. రంగు కొంత తిరిగి రావొచ్చు, రాకపోనూవచ్చు. కంగారు మాత్రం పడకండి" అంది.

దుర్గ రక్తపరీక్షకి పక్కగదిలోకి వెళ్ళింది. పల్లంరాజు కుర్చీలోంచి కదల్లేదు. "మేడమ్‌గారండీ, ఆ మాటకి అర్థం ఏంటండి?" అని అడిగాడు.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "తగ్గుద్దా, ఎన్నాళ్ళు పడుద్ది అని అడుగుతారు గానీ, మాటకి అర్థం అడిగినవాళ్ళు మీరేనండి. అది లాటిన్ మాట. రెండు రకాలుగా చెబుతారు. లోపం అనే మాటలోంచి పుట్టిందని కొందరంటారు. కాదు, దూడ అనే మాటలోంచి పుట్టిందని కొందరంటారు. దూడల ఒంటి మీద తెల్లమచ్చలుంటాయి కదా, అవి చూసి పెట్టారంట. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదండి."

పల్లంరాజు ఉలిక్కిపడ్డాడు. ఎక్కడో సముద్రాల అవతల, ఎప్పుడో, ఎవడో ఒక ఆసామి కూడా ముందు దూడనే చూశాడేమో. మనవాళ్ళదీ అదే దారి కదా. బొల్లి అంటే ఆవూ అదే, జబ్బూ అదే. భాష వేరు, బుద్ధి ఒక్కటే. ఈ సంగతి రైల్లో దుర్గకి చెప్పి నవ్వించాలని మహా ఉత్సాహపడ్డాడు.

రైలు గోదావరి బ్రిడ్జి మీదికొచ్చింది. కిటికీలోంచి నదిలోకి ఒక నాణెం వేసి దణ్ణం పెట్టుకోవడం దుర్గకి చిన్నప్పటి అలవాటు. ఆరోజు ఎదుటి సీటులో ఆవిడెవరో చూపు తిప్పకుండా చూస్తోందని, దుర్గ కుడిచెయ్యి పైట కింద నుంచి తియ్యలేదు. నాణెం ఆ గుప్పిట్లోనే ఉంది. బ్రిడ్జి అయిపోయింది, కొవ్వూరు వచ్చేసింది. పల్లంరాజు నోటి దాకా వచ్చిన దూడ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆరోజే ఆయన మనసులో ఒక నిర్ణయం చేసుకున్నాడు. తన ఇంట్లో బొల్లి అనే మాట వినపడకూడదు. ఆ రెండక్షరాలు దుర్గ చెవిన పడితే ఆవిడ మనసు చివుక్కుమంటుంది. అందుకని మర్నాటికి బొల్లి కాస్తా లక్ష్మి అయింది.

మాటని కట్టెయ్యడం పశువుని కట్టేసినంత సులువు కాదు. ఒకరోజు చేపల నూకరత్నం వాకిట్లో తట్ట దించుతూ, "కల్లబొల్లి కబుర్లు కాదండి రాజుగారండీ, పొద్దున్నే పట్టిన గోదారి చేపండి, ఆయ్" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పల్లంరాజు వంటింటి వైపు చూసి, "ఆ మాట అనకు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ మాటండి?"

"అదే... అబద్ధం అను, సరిపోద్ది."

"నా చేప అబద్ధమా అండి! ఇరవైయేళ్ళ నుంచి మీ ఇంట్లో వండుకుంటున్నారు, ఒక్క ముల్లయినా అబద్ధమాడిందా?" అని ఆవిడ వీధి వీధంతా వినపడేలా అందుకుంది. ఆవిడని చల్లబరచడానికి ఆయన అక్కర్లేని చేప ఇంకొకటి కొనుక్కోవలసి వచ్చింది.

ఇదంతా దుర్గ చూస్తూనే ఉంది. ఆవుని లక్ష్మీ అని పిలిచిన మొదటి పొద్దున తవుడు గిన్నెతో పాక గుమ్మందాకా వచ్చి, ఆ పిలుపు విని ఆగింది. ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. తవుడు గిన్నె గడప దగ్గర పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ పాక వైపు రాలేదు. చెయ్యి నొప్పేమో అనుకున్నాడు ఆ మహానుభావుడు.

ఆవు చేపడం మానేసింది. దూడని వదిలినా, పొదుగు తడిమినా, ఏదో మొక్కుబడిగా నాలుగు ధారలు ఇచ్చి తలెగరేసేది. తవుడు మార్చాడు, గడ్డి మార్చాడు. పశువుల డాక్టరొచ్చి చెవులు, కళ్ళు, పొదుగు చూసి, "ఆవుకేం లేదండి. ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా?" అని అడిగాడు. ఏం లేదని పల్లంరాజు చెప్పాడు.

ఇట్లా ఉండగా దుర్గ తమ్ముడు అప్పాజీ పట్టిసీమ నుంచి శుభలేఖలు పట్టుకుని వచ్చాడు. పెళ్ళికూతురు ఆయన కూతురు శ్రీదుర్గ. ఆ పిల్ల ఇంటర్ చదివిన రోజుల్లో మేనత్త ఇంట్లోనే ఉండి నిడదవోలు కాలేజీకి వెళ్ళేది, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆడపిల్లలు లేని దుర్గ ఆ పిల్లకి తలంట్లు పోసి, జడలు వేసి, జ్వరమొస్తే పక్కన పడుకుని సాకింది. అలాంటి పిల్ల పెళ్ళి.

"పెళ్ళికూతుర్ని చేసేనాడు మొదటి నలుగు అక్కే పెట్టాలి బావగారూ. అది పిల్ల మాట, మా మాట కాదు. అత్తయ్య చెయ్యి పడితే గానీ పీట ఎక్కనని కూర్చుంది" అన్నాడు అప్పాజీ.

నలుగంటే పందిట్లో, ఊళ్ళో ఆడవాళ్ళందరి మధ్య, పెళ్ళికూతురి బుగ్గల మీద, చేతుల మీద పిండి రుద్దడం. అందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉంటాయి. ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. దుర్గ అక్కడే కూలిపోతుంది. ఇదంతా పల్లంరాజు కళ్ళ ముందు గిర్రున తిరిగింది.

"ఎక్కడయ్యా, మీ అక్కకి మోకాళ్ళ నొప్పులు. పీట దగ్గర వంగలేదు. కూర్చుంటే లేవలేదు. నలుగు ఇంకెవరిచేతైనా పెట్టించండి, మేం ముహూర్తానికి వచ్చేస్తాం" అనేశాడు.

ఆ మాట పూర్తయ్యేసరికి దుర్గ కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి గడప చకచకా దాటి వచ్చి తమ్ముడికి కాఫీ అందించింది. మొగుడికీ అందించింది. అప్పాజీ మొహం చిన్నబుచ్చుకుని, కాఫీ సగం తాగి వెళ్ళిపోయాడు. పల్లంరాజు తేలు కుట్టిన దొంగలా ఆ సాయంత్రమంతా గడ్డిమేటు చుట్టూ తిరిగాడు.

మర్నాడు కాలేజీ అయ్యాక శ్రీదుర్గ స్కూటీ మీద దిగింది. హెల్మెట్ తియ్యకుండానే, "మావయ్యా, అత్తయ్య మోకాళ్ళకేంటి?" అంది.

దుర్గ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నా మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయే. మీ మావయ్య నోరే బాలేదు" అంది.

"అది కాదమ్మా..." అని పల్లంరాజు మొదలుపెట్టాడు.

"మీరుండండి." దుర్గ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళూ మీరే చెబుతారని చూశాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది, ఆవిడకి లేని భయం మీకెందుకండీ? ఆవు పేరు మార్చారు. నూకరత్నం నోరు మూయించారు. నిన్న నా తమ్ముడితో కల్లబొల్లి మాటలు చెప్పారు. ఆ, కల్లబొల్లి అనే అన్నాను, ఉలిక్కిపడకండి. మచ్చ నా చేతికొచ్చింది. సిగ్గు మీకొచ్చింది."

"సిగ్గా? నాకా? నీ గురించా?" పల్లంరాజు రెండడుగులు ముందుకొచ్చాడు. "ఆ మాట వింటే నువ్వు బాధపడతావని కదే నా ఏడుపంతా. రైల్లో ఆవిడెవరో చూస్తే చెయ్యి దాచుకున్నావు. గోదారికి దణ్ణం కూడా పెట్టలేదు. అది చూసి నా కడుపు తరుక్కుపోయింది."

"దాచుకున్నాను. నాకూ కష్టంగానే ఉంది, ఎందుకుండదు? కొత్తలో అద్దం చూసుకోబుద్ధి కాలేదు. బయటికెళితే దాచుకున్నాను, ఇంటికొచ్చి మర్చిపోదామనుకున్నాను. ఇంటికొస్తే మీరు బొల్లి అనే మాటకే తలుపులేశారు. అంత పలకరానిదేదో నా ఒంటి మీదుందన్నమాట అనిపించింది. ఆవుని లక్ష్మీ అన్న రోజు నేను లోపలికెళ్ళి ఏడ్చానండి."

ఇన్ని రోజులూ పల్లంరాజు ఏ బాధ రాకూడదని కాపలా కాశాడో, ఆ బాధని తనే చేత్తో పట్టుకొచ్చి ఇంట్లో పెట్టాడు. పైపంచెతో కళ్ళు తుడుచుకుని, అరుగు చివర కూర్చుని, చివరికి రైల్లో మింగేసిన దూడని బయటికి తీశాడు.

"డాక్టరమ్మ చెప్పింది కదా, విటిలిగో అని. ఆ మాటకి అర్థం అడిగాను. దూడ అంట. దూడ ఒంటి మీద మచ్చలు చూసి పెట్టారంట ఆ పేరు. మన బొల్లి సంగతే కదే అది. ఆరోజే చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను."

శ్రీదుర్గకి మాటల మీద మోజు. గబగబా ఫోన్ తీసి చూసింది. "నిజమే అత్తయ్యా, దూడ అనే ఉంది. కానీ ఇంకో అర్థం కూడా..."

పల్లంరాజు దగ్గాడు. మామూలు దగ్గు కాదు, ఊరి చివరున్న మనిషిని పిలిచే దగ్గు. ముప్పై ఏళ్ళుగా ఆ దగ్గుల్లో భేదాలు తెలిసిన దుర్గ ఊరుకుంటుందా! "ఏంటే ఆ రెండోది?" అంది.

"లోపం అని కూడా అంటారట అత్తయ్యా. రెంటిలో ఏదో తేలలేదట."

దుర్గ మొగుడి వైపు తిరిగింది. "ఆ రెండోది మీకు డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పింది."

"మరి నాకు ఒక్కటే చెప్పారేం?"

పల్లంరాజు నేల చూపులు చూశాడు. "తేలలేదన్నారు కదా. తేలనప్పుడు నాకు నచ్చిందే తీసుకున్నాను. నాకు దూడే బాగుంది."

దుర్గ నవ్వింది. పైట అడ్డం పెట్టుకోకుండా, పెదవి మూల ఉన్న తెల్లచుక్కతో సహా నవ్వింది. ఎన్నాళ్ళకి విన్నాడో ఆ నవ్వు! పల్లంరాజుకి మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పదండి, పాలవేళ అయింది" అని ఆవిడే ముందు లేచింది. పాకలోకి వెళ్ళి, తెల్లబడిన చేతిని ఆవు నుదుటి మీది తెల్లచార మీద పెట్టింది. "ఏమే బొల్లీ, నా తల్లీ, అలిగావా? నేనూ అలిగానే" అంది. ఆవు చెవులు రెండూ ముందుకొచ్చాయి. గరుకు నాలుకతో ఆ చేతిని మణికట్టు దాకా నాకింది. పల్లంరాజు బకెట్టు పెట్టుకుని కూర్చునేసరికే చేపింది. నురగ అంచు దాటి పొంగుతుంటే శ్రీదుర్గ ఇంకో తపేలా తేవడానికి పరుగెత్తింది.

పెళ్ళికూతుర్ని చేసే రోజు రానే వచ్చింది. అప్పాజీ ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి, పందిట్లో ఆడవాళ్ళ సందడి. శ్రీదుర్గ పీట మీద కూర్చుంది. దుర్గ గాజులు పైకి తోసుకుని, నలుగుపిండి చేతిలోకి తీసుకుంది. పల్లంరాజు నూనె గిన్నె అందించే నెపంతో పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. ధైర్యం చెప్పడానికి వచ్చానని ఆయన అనుకున్నాడు గానీ, ఒక చేత్తో పట్టుకున్న గుంజని వదల్లేదు.

మొదటి నలుగు బుగ్గ మీద పడింది. అప్పుడు దుర్గ పినతల్లి తలుపులమ్మగారు, ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ, అందరికన్నా పెద్ద గొంతున్నావిడ, కళ్ళద్దాలు సవరించుకుని, "అమ్మాయ్ దుర్గా, చేతికేంటే అది?" అంది.

సన్నాయి పాట వస్తున్న స్పీకరు కూడా అప్పుడే ఆగాలా! దుర్గ చెయ్యి పిల్ల బుగ్గ మీదే నిలిచింది. ఆవిడ తలెత్తి తలుపులమ్మగారి వైపు చూడలేదు. గుంజ దగ్గరున్న మొగుడి వైపు చూసింది.

పల్లంరాజుకి దగ్గొచ్చింది. దగ్గుని మింగేశాడు.

"బొల్లండి అత్తయ్యగారూ" అన్నాడు. అంత గట్టిగా అంటాడని ఆయనే అనుకోలేదు. "అంటుకోదండి. ప్రాణానికేం కాదండి. మా ఇంట్లో ఇద్దరికుంది."

"ఇద్దరికా! ఇంకెవరికయ్యా?" అని గుండె మీద చెయ్యేసుకుంది ముసలావిడ.

"మా ఆవిడకీ, మా ఆవుకీ."

ముందు నవ్వింది పెళ్ళికూతురు. ఆ వెనక పందిరంతా నవ్వింది. "మీ ఆయన మాట్లాడగా ఇవాళే విన్నానే" అంటూ తలుపులమ్మగారు కూడా నవ్వి, పీట దగ్గరకి జరిగి, తన ముడతల బుగ్గ ముందుకు పెట్టింది. "నాకూ కాస్త పుయ్యవే, పెళ్ళికళ వస్తుందేమో." దుర్గ ఆ బుగ్గకీ పూసింది. అరచేతిలో మిగిలింది తీసుకొచ్చి, అందరూ చూస్తుండగా మొగుడి గడ్డానికి రాసింది. పల్లంరాజు సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా తుడుచుకోలేదు.

పెళ్ళయింది. పిల్ల అత్తారింటికి వెళ్ళింది. తిరిగి ఇంటికొచ్చిన మర్నాటి సాయంత్రం పల్లంరాజు చేలోంచి పచ్చగడ్డి మోపు తెచ్చి గేటు దగ్గర దించాడు. దగ్గబోయాడు. ఎందుకో ఆగి, వీధంతా వినపడేలా, "బొల్లీ!" అని పిలిచాడు.

పాకలోంచి ఆవు అంబా అంది.

వంటింట్లోంచి, "ఆ, వస్తున్నానండీ" అని వినపడింది.